మేం చేసిన పని

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, వెనకనుంచి అత్తగారు అందుకున్నారు. "చేతుల ముడతలు కూడా చూడమ్మా. రేపు నలుగురిలో నిలబడి మాట్లాడేవాడు."

రేపు ఆయన మాట్లాడబోయేది నా పని గురించి. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు.

మా ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి. ఆయన పెద్దవాళ్ళ పళ్ళు చూస్తారు, నేను పిల్లల పళ్ళు. ఆయన గది వీధివైపు, నాది స్టోరురూము పక్కన. "ఎలాగూ ఊడిపోయే పళ్ళు, పీకి పారేస్తే పోలా! పాలపన్నుకి కూడా రూట్ కెనాలా?" అని పిల్లల తల్లుల ముందే నవ్వుతారు. పాలపన్ను వేళ కాకుండా పోతే పక్కపళ్ళు జరిగొచ్చి, రాబోయే పన్నుకి చోటు లేకుండా చేస్తాయని నేను చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నాను. ఇంట్లో నా పేరే 'పాలపళ్ళ డాక్టరు'. వినడానికి ముద్దుగానే ఉంటుంది, అదే నాకు ఒళ్ళుమంట.

పాలపంటి వేరు సన్నం, పైగా వంకర. లోపలి కుళ్ళు తియ్యాలంటే సూదిలాంటి ఫైలుని వేళ్ళతో తిప్పుతూ గీకాలి, లేదా దాన్ని మోటారుకి తగిలించి తిప్పాలి. కొందరు పిల్లలకి చేత్తో, కొందరికి మోటారుతో చేసి, ఏది మేలో రెండేళ్ళు పోల్చి చూశాను. మోటారేమో ఆయన గదిలో ఉండేది. ఆయన భోజనానికి లేస్తే తప్ప నాకు దొరికేది కాదు. అలా ఆ రెండేళ్ళూ నేను చల్లారిన అన్నమే తిన్నాను. తేలిందేమిటంటే, శుభ్రం దాదాపు ఒకటే. మోటారుతో పని తొందరగా అయిపోతుంది, పిల్లలు తక్కువ ఏడుస్తారు. కానీ వేరు బాగా వంగినచోట ఫైలు విరిగే భయముంది. అక్కడ మోటారు ఆపి చేత్తో దిగాలి.

ఆ సంగతి పళ్ళ డాక్టర్ల సభలో చెప్పమని నన్ను పిలిచారు. "నువ్వెళ్తే నాన్నకి మందులెవరిస్తారు? అయినా మైకు చూస్తే నీకు వణుకు కదా. నేను చెప్పేస్తాలే. మనిద్దరిలో ఎవరు చెప్తే ఏంటి?" అన్నారాయన. ఆ 'మనిద్దరి'కి కరిగిపోయి సరే అన్నాను. ఆ రోజునుంచీ కాలు నిలవడం లేదు. గిన్నె తోమితే తోమిందే తోముతున్నాను.

ముందుగదిలోంచి కేకేశారు. "ఇదిగో, ఒకసారి ఇలా రా. మేం చేసిన స్టడీలో ఈ ముక్క అర్థం కావట్లా. మోటారు ఎక్కడ ఆపాలో ఎట్లా తెలుస్తుందని ఎవడన్నా అడిగితే ఏం చెప్పాలి?"

మేం.

ఎవరితోనో ఫోనులో అన్నా సరిపెట్టుకునేదాన్ని, అందులో నేనూ ఉన్నాననుకునేదాన్ని. కానీ నాతోనే అన్నారు. మనం అంటే నువ్వూ నేనూ. మేం అంటే నువ్వు తప్ప. ఈ తేడా మాటలొచ్చిన ప్రతి పసిపిల్లకీ తెలుసు. పోనీ, కావాలని అన్నారా అంటే అదీ కాదు. ముందుగదిలోకి వెళ్ళి చూస్తే ఆయన ముఖంలో దొంగతనమేమీ లేదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. అబద్ధమాడి ఉంటే ఇంత మండేది కాదు.

వెనక్కి వచ్చి ఇస్త్రీపెట్టె పక్కకి జరిపాను. చొక్కా తీసి కుర్చీకి తగిలించి, నా తెల్లకోటు బల్లమీద పరిచాను.

"ఒక చెయ్యి మిగిలిపోయిందమ్మా," అన్నారు అత్తగారు.

"మిగలనివ్వండి అత్తయ్యా."

ఆయన గుమ్మంలోకి వచ్చి కోటు వంక చూశారు. "చెప్పవేం? ఎట్లా తెలుస్తుంది?"

"మోటారు తిరుగుతుంటే ఫైలు ఎక్కడో చిన్నగా పట్టేసినట్టవుతుంది. అది వేలికే తెలుస్తుంది, చెప్తే రాదు. మామయ్యగారి మందులు అలమారలో ఉన్నాయి, రేపు మీరివ్వండి. సభకి మేం వెళ్తున్నాం."

"మేమా? మేమంటే ఎవరెవరు?"

చూపుడువేలు ఎత్తి చూపించాను.

"నేనూ, ఈ వేలూ."