సన్యాసమ్మ తుపాకి వేషము

మార్గశిరమాసపు ప్రత్యూషవేళ. తూర్పుకనుమల నీలశిఖరములను కప్పియున్న మంచుదుప్పటిని బాలభానుడు బద్ధకముగా నొక కొన పట్టి లాగుచుండగా, తుషారబిందుభారమున తలలు వంచిన చోడివెన్నులు వెండిపూసలు గ్రుచ్చిన జడలవలె మెఱయుచుండగా, కౌజుపిట్టలు గట్లవెంబడి సంసారపు ముచ్చటలు చెప్పుకొనుచు దిరుగుచుండగా గుమ్మడివలస గ్రామము పొయ్యిపొగల నడుమ మెల్లగా కన్ను తెఱచుచుండెను. ఇంతటి రమణీయప్రభాతమున గొర్లెవారి చెఱకుతోట మాత్రము పెండ్లివారు వదలిపోయిన విడిదింటివలె ఛిన్నాభిన్నమై పడియుండెను. అడవిపందులు వచ్చి పోయినవి. వచ్చినవి తిని పోయిన నొక తీరు. తినగా మిగిలినదానిని త్రొక్కి, త్రొక్కగా మిగిలినదానిలో పొరలి, పొరలగా కలిగిన సుఖము చాలక గట్టును సైతము కుళ్లగించి సావకాశముగా కొండ యెక్కినవి.

ఆ యింట తుపాకి లేదందుమా యున్నది. పంటకాపుకై సర్కారువారి యనుమతితో కొన్న రైఫిలొకటి దూలమునకు వ్రేలాడుచునే యున్నది. పేల్చు చేయియే కరవయ్యెను. ఇంటి యజమానుడు పోలినాయుడు గతవర్షమున చెఱకు కట్టుచుండగా ఆకు కోసి కుడికన్ను మసకబారినవాడు. అతని తండ్రి జగ్గునాయుడు చేతులు వడకు వయసువాడు. పిల్లలా, ఇంకను పలకలు పట్టువారు. తాలూకా యధికారి వచ్చి విచారించి, ఈ యింటివారిలో నొకరు పాడుబడిన రాతిగనికడ జరుగు రైఫిలు తరగతికి పోయి సుబేదారుచేత తగుదురనిపించుకొన్న సరి, లేనిచో తరగతినాటి సాయంకాలమే తుపాకిని ఠాణాకు చేర్పవలసినదని తెగవేసి చెప్పి పోయెను. తుపాకి పోయిన తోట పోవును. తోట పోయిన ఆ సంవత్సరపు అన్నము పోవును. ఈ సంగతి యింటిల్లిపాది యెఱిగినదే. అప్పుడు పోలినాయుని భార్య సన్యాసమ్మ చేటలోని బియ్యము నేరుట యాపి తల యెత్తకయే పలికెను.

"నానెల్తాను."

జగ్గునాయుడు చుట్ట నోటినుండి తీసెను. చదువరులారా, ఈ జగ్గునాయుని గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు నడచుట ధర్మము గాదు. ఆయన యౌవనకాలమున నొక పంది తఱుమగా తాటిచెట్టెక్కెనట. పందియు నెక్కెనట. ఆయన దిగెనట. పందికి ఎక్కుటయే గాని దిగుట తెలియదు గనుక నేటికిని అక్కడనే యున్నదట. ఏ తాటిచెట్టని యడిగినవానికి, ఎండుటాకులలో కనబడదని యుత్తరము. మఱియొకప్పు డొకే గుండుతో వరుసగా నేడు పందులను కూల్చి ఆ గుండును కడిగి మరల దాచుకొనెనట. ఇట్టి మృగయావిశారదుడు ఇంటనుండగా కోడలు తుపాకి నేర్చుట కొకరి యనుమతి యేల, ఆమె వేషధారణభారమును తానే వహింతునని ఆయన లేచి అటుకమీది పెట్టెను దింపించెను.

పెట్టెలోనుండి ఎఱ్ఱబనాతు కోటొకటి బయటపడెను. దానిని ఆయన జమీందారుగారి వేటలో డప్పు కొట్టినందులకు పొందెనని ఊరివారును పులిని కొట్టినందులకు పొందెనని తానును చెప్పుదురు. దాని యిత్తడిగుండీలలో మెడదగ్గఱివి ఎన్నడో రాలిపోయి వక్షఃస్థలము విశాలమైన గవాక్షమువలె తెఱచుకొని యుండెను. దాని వెంబడి బారెడు కుచ్చున్న తలపాగాయు, ఇనుపమేకులు దిగిన చెప్పులును వెలువడెను.

"ఇయ్యేసుకో అమ్మీ. ఈ కోటు సూస్తే పందులు దణ్ణమెట్టి పోతాయి" అనెను జగ్గునాయుడు.

"దణ్ణమెట్టి పోతే ఇంక తుపాకెందుకు మావా" అని సన్యాసమ్మ చిన్నగా నవ్వి కోటును మడతపెట్టి మరల పెట్టెలోనే యుంచెను.

ఆమె యట్లు నవ్వెనే గాని గుండెలో భయము గూడు కట్టుకొనియుండెను. తుపాకి పేల్చుట యెట్లో నేర్పువారు నేర్పుదురు. ఏమి కట్టుకొని పోవలయునో ఎవరు చెప్పుదురు? ఆ తరగతికి అంతకుముందు పోయిన యాడుది లేదు. అందుచేత ఆమె సంతనాడు ఉల్లిపాయల బేరము నడుమ సుబేదారు నరసరాజును చూచి, పదిమంది వినుచున్నారను సిగ్గును చంపుకొని అడిగెను. పట్టాళములో తల నెఱసి వచ్చిన ఆ పెద్దమనిషి నవ్వక, సంచి క్రిందబెట్టి చెప్పెను.

"మంచిపని చేశారమ్మా, అడిగారు. వేళ్లాడేది ఏదీ వద్దు. చేతులు నిండా చొక్కా, కాళ్లు నిండా బూటు, ముందు చూరున్న టోపీ, చెవుల్లో దూది. కళ్లకి అద్దాలు నేనిస్తాను. మెడ దగ్గర మాత్రం చీమ కూడా దూరకూడదు. పేలాక తూటా ఇత్తడి డొప్ప కుడిపక్కకి ఎగురుతుంది. కాలిపోతూ ఉంటుంది. అది మెడలో పడిందా, ఎంతటివాడైనా గంతులేస్తాడు. నిండు తుపాకి పట్టుకుని గంతులేస్తే ఎవరి ప్రాణం మీదికొస్తుందో చెప్పలేం. నా తరగతిలో తుపాకి మూతి మట్టిదిబ్బ వైపు నుంచి పక్కకి తిరిగితే ఇంక మాటల్లేవు. ఇంటికి పంపించేస్తాను."

ఆ మాటలు విన్నది మొదలు సన్యాసమ్మ ఇల్లంతయు వెదకసాగెను. పోలినాయుడు పంచదార మిల్లులో కాపలా కాచిననాటి ఖాకీచొక్కా దొరికెను. చేతులు నిండెను గాని మెడబొత్తాము లేదు. ఆతని చూరుటోపీ దొరికెను. ముడి బిగించి కొప్పుపై పెట్టగా కుదిరెను. ఆతని గుడ్డబూట్లు దొరికెను. అవి ఆమె పాదములకు పడవలవలె నుండెను. చీరను ఊడుపులనాడు కట్టునట్లు గోచీ పోసి మోకాళ్లక్రింద బిగించెను. అత్త అంకమ్మ దీపపువత్తులకై యుంచిన ప్రత్తిలో పిడికెడు తీసియిచ్చుచు కోడలి పాదములవైపు చూచి నిలిచిపోయెను.

"బూట్లు తొడగాలని మెట్టెలు తీసీస్తావేటి? మావోడికి మంచిది కాదే."

"తియ్యనత్తా. ఏలికి పేలిక సుట్టుకుంటాను, బూటూ బిగుస్తాది."

"మరి గాజులో?"

"ఊడుపులప్పుడు పైకి తోసి కట్టుకోమా, అలాగే."

అంకమ్మ తానే మెత్తని పాతచీర చింపి కోడలి వ్రేళ్లకు మెట్టెలతోగూడ చుట్టి, గాజులను ముంజేతిపైకి త్రోసి చప్పుడు కాకుండ కట్టెను. సౌభాగ్యచిహ్నములు స్థానభ్రంశము నొందక, తుపాకికి తగులక, బూటు వదులుగాక మూడును ఒక పాతచీరచెఱగుతో చక్కబడుటచే అత్తాకోడండ్రకు సగము బరువు దిగినట్లయ్యెను. ఇక మిగిలినది మెడ. తెలుగునాట ముత్తైదువ మెడలో సూత్రములతోపాటు నెల్లప్పుడు కాపురముండునవి పిన్నీసులు గదా. బిడ్డకాలి ముల్లు తీయుటకును, తెగిన సంచి కుట్టునంతవఱకు నిలుపుటకును పనికివచ్చు ఆ పరివారములో నొకదానిని సన్యాసమ్మ తాడునుండి విడిపించి చొక్కా రెండంచులను గొంతుక్రింద కలిపి గ్రుచ్చెను.

జగ్గునాయుడు చూచి పకపక నవ్వెను. "ఏటమ్మీ, గొంతు బిగించీసుకుంటే ఊపిరెలాగాడతాది? నాను రొమ్ము ఇప్పుకునే ఏటాడినాను. నా రొమ్ముమీద ఎంటికలు సూసి ఎలుగ్గొడ్డు సిగ్గుపడి పారిపోనాది."

కోడలు నిరాకరించిన కోటును ఆయన తానే తొడుగుకొని, కుచ్చుపాగా చుట్టి, మేకులచెప్పులు టకటకలాడించుచు ఆమె వెనుక బయలుదేఱెను. దారిపొడుగునను జనులు నిలిచి చూచిరి. అయితే వారు చూచినది ఖాకీచొక్కాలోని కోడలిని గాదు, ఎఱ్ఱకోటులోని మామను. తన వేషముపై బడవలసిన చూపులన్నియు మామ మీదనే వాలుట చూచి సన్యాసమ్మ మనసులోనే ఆయనకు నమస్కరించెను.

రాతిగనికడ ఎత్తైన మట్టిదిబ్బముందు గుఱులు నిలిపియుండెను. చూడవచ్చినవారందఱును సున్నపుగీత వెనుకనే కూర్చుండవలెనని సుబేదారు శాసించెను. సన్యాసమ్మ గోనెపట్టాపై బోర్ల పరుండి రైఫిలును భుజమునకు చేర్చెను. మొదటి తూటా పేలినప్పుడు ప్రత్తి చెవులను కాచెను. గుండెను కాచునది లేకపోయెను. రెండవది పేలునప్పటికి గుండెయు కొంత కుదుటబడెను. గుఱి అంచున చిఱుతూటు కనబడెను.

అంతవఱకును గీత వెనుక నోర్చి కూర్చున్న జగ్గునాయుడు కోడలు గుఱి నడుమ కొట్టకుండుట సహింపజాలక, ఊపిరి బిగబట్టుమని చెప్పుటకై మోకాళ్లమీద ప్రాకుచు సున్నపుగీత దాటి ఆమె కుడిప్రక్కకు చేరెను. సుబేదారు "నాయుడుగారూ, వెనక్కి" అని కేక వేసెను. ఆ కేకయు మూడవ తూటాయు ఒక్కమాఱే వెలువడెను. సన్యాసమ్మ సుబేదారు నేర్పినట్లు డొప్పను వెలికినెట్టు గడియను లాగెను. నిప్పువలె కాలుచున్న యిత్తడిడొప్ప గిరగిర తిరుగుచు ఎగసి, ఆకాశమున మఱి యే దారియు లేనట్లు ఎఱ్ఱబనాతుకోటు గవాక్షమున తిన్నగా ప్రవేశించెను.

జగ్గునాయుడు కొట్టిన కేకకు గనిలోని గబ్బిలములు లేచినవి. ఆయన లేచెను, ఎగిరెను, తనచుట్టు తాను తిరిగెను. ఎగిరినకొలది డొప్ప కోటులోపల క్రొత్తక్రొత్త తావులు వెదకుకొనెను. పాగా యొకవైపు, చెప్పొకవైపు పోయెను. చూచువారు నవ్వవలయునో పరుగెత్తవలయునో తెలియక నిలిచిరి. ఏలయన సన్యాసమ్మ అప్పటికే నాలుగవ తూటా నింపి గడియ మూసియుండెను. నిండు తుపాకి ఆమె చేతిలో నుండెను. మామ ఆమె ప్రక్కన ప్రాణము పోవుచున్నట్లు అఱచుచుండెను. ఆమె తల తిప్పిన తుపాకి తిరుగును. తుపాకి తిరిగిన తరగతి పోవును, తోట పోవును, కాలము కలిసిరానిచో మామయే పోవును.

ఆమె తల తిప్పలేదు. తిప్పవలెనని మెడ కొట్టుకొనెను, పిన్నీసు గొంతుకు చల్లగా నొరసికొనెను. ఆ చల్లదనమున ఆమెకు సుబేదారు సంతలో చెప్పిన మాట తలపునకు వచ్చెను. మీటపైనుండి వ్రేలు తీసెను. మూతి దిబ్బవైపే యుండగా గడియ లాగి తూటాను వెలికిదీసెను. ఖాళీ తుపాకిని గోనెపై పరుండబెట్టెను. పిమ్మట లేచి, ఇంకను గంతులు వేయుచున్న మామను పట్టుకొని కోటు గుండీలు విప్పి దులిపెను. డొప్ప టింగుమని రాతిపై బడెను.

నరసరాజు ఖాళీ తుపాకిని చేతికి తీసికొని చూచెను. "గురి నెమ్మదిగా వస్తుందమ్మా. ఈ నిలకడ నేను నేర్పేది కాదు. తుపాకి మీ ఇంట్లోనే ఉంటుంది. రేపటి నుంచి నేర్చుకోడానికి రండి" అనెను. తరువాత జగ్గునాయునివైపు తిరిగి, "మీరు మాత్రం రావద్దు" అనెను.

తుపాకి యింటనే యుండునన్న మాట మనసున కెక్కగానే సన్యాసమ్మ గోనెపట్టాపై కూర్చుండెను. కన్నీరును నవ్వును ఏకకాలమున వచ్చెను. దేనిని తుడుచుకొనవలయునో ఆమెకు తెలియలేదు.

ఇంటికి పోవుత్రోవలో జగ్గునాయుడు రొమ్మున లేచిన బొబ్బపై కోడలు దారియింట నడిగి పూసిన వెన్న కోటున కంటకుండ అంచులు పట్టుకొని నడచెను. చెఱకుతోట గట్టుకడకు వచ్చి నిలిచి అటునిటు చూచి చేయి చాచెను.

"అమ్మీ. ఒక పిన్నీసు ఇయ్యి."

ఆమె తాడునుండి మఱియొకటి తీసి మామ కోటు మెడను తానే కలిపి గ్రుచ్చెను.

సాయంకాలమున పోలినాయుడు తడవి తడవి తుపాకిని దూలమునకు మరల తగిలించుచుండగా, అరుగుమీద జగ్గునాయుడు చేరవచ్చినవారికి నిట్టపగలు ఆకాశమునుండి నక్షత్ర మొకటి తన రొమ్ముపై రాలినదనియు, దానిని తాను చేత బట్టి చల్లార్చి కోడలి కిచ్చితిననియు చెప్పుచుండెను. సన్యాసమ్మ గడపమీద కూర్చుండి బూట్లు విప్పి వ్రేళ్ల పేలికలు మెల్లగా నూడదీసెను. మెట్టెలు చెక్కుచెదరక బయటపడెను. ఆమె వ్రేళ్లు చాపి ముడిచి చూచుకొనెను. అరుగుమీది దీపపుటెఱ్ఱ ఆ వెండిమీదను, మామ గొంతుక్రింది పిన్నీసుమీదను సమముగా మెఱసెను. గట్టుకవతల నెక్కడనో పంది యొకటి గుఱ్ఱుమనెను. ఎన్నో నెలల తరువాత ఆ గుఱ్ఱునకు గొర్లెవారి యింట నెవ్వరు నులికిపడి తల యెత్తలేదు.