కళ్ల డాక్టరొచ్చిన లెక్క

"పిల్లకి ఏమీ లేదండీ. కడుపు శుభ్రంగా ఉంది" అని స్కానింగు గదిలోంచి వచ్చిన డాక్టరమ్మ చెప్పగానే తల్లికి పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. గోడకి చేరబడి, చేతిలో ఉన్న పిల్ల చెప్పుల్ని గుండెకి హత్తుకుంది. అవి చెప్పులన్న సంగతి కూడా ఆ క్షణంలో ఆమెకి గుర్తులేదు.

బడి తెరిచిన దగ్గర్నుంచీ కూతురికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. లేస్తూనే పొట్ట పట్టుకుని ముడుచుకుపోయేది. సిరప్పులు తాగించారు, పాలు మానిపించారు, నీళ్లు కాచి చల్లార్చి ఇచ్చారు. ఏం చేసినా తగ్గలేదు. ఏ పెద్ద జబ్బో అని తల్లి లోలోపలే కుమిలిపోయింది.

"నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోంది?" అడిగింది డాక్టరమ్మ.

"పొద్దున పూటేనండీ. ఆదివారాలు రాదు."

"స్కూల్లో ఏమైనా భయమా?"

"అబ్బే, అదే స్కూల్లో నేను టీచర్నండీ. ఈ ఏడు వాళ్ల క్లాసుకి లెక్కలు చెప్పేది నేనే. రోజూ నా కళ్లముందే ఉంటుంది."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, చీటీ మీద ఏదో బలం మాత్ర రాసింది. "ఒకసారి తీరిగ్గా కూర్చుని పిల్లతో మాట్లాడండి" అని మాత్రం అంది.

పిల్లలు ఆమెని చాటున 'శేషం టీచర్' అని పిలుచుకుంటారు. భాగహారం చేయించి, "శేషం ఎంత?" అని అడిగి, బెంచీ పక్కనే నిలబడిపోతుంది. కొట్టదు, తిట్టదు, గొంతు కూడా పెంచదు. జవాబు వచ్చేదాకా చేతిలో సుద్దముక్క పట్టుకుని ఊరికే నిలబడి ఉంటుంది. ఆ కాసేపట్లో క్లాసు మొత్తానికీ నోట్లో తడి ఆరిపోతుంది. ఇన్నేళ్లూ దాన్ని ఆమె ఓపిక అనుకుంది. పిల్లలు ఆలోచించుకోవడానికి సమయం ఇస్తున్నాననుకుంది.

ఆసుపత్రి నుంచి తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్లారు. తమ్ముడు పళ్ల డాక్టరు. పిల్లకి ఒక దంతం పుచ్చింది, ఆ సాయంత్రం పూడ్చాలి. బయటి గదిలో ఒక కుర్రవాడు వాళ్లమ్మ చీర పట్టుకుని "నేను రాను, నేను రాను" అని శోకాలు పెడుతున్నాడు. ఈ పిల్ల మాత్రం లోపలి తలుపు తెరుచుకోగానే, "మామయ్యా!" అంటూ పరుగెత్తింది.

"రావే పిచ్చుకా! నీ కోసమే సూది సానబెట్టి ఉంచా" అన్నాడు మేనమామ. పిల్ల పకపకా నవ్వింది.

తల్లి బయట కూర్చుంది. లోపల మిషను గుయ్యిమంటోంది, ఆగుతోంది. ఆగినప్పుడల్లా పిల్ల నవ్వు వినబడుతోంది. మళ్లీ గుయ్యి, మళ్లీ నవ్వు. ఏడుస్తున్న కుర్రవాడు కూడా ఏడుపు ఆపి చెవులు రిక్కించాడు.

అప్పుడు తట్టింది ఆమెకి. పళ్లు తొలిచేవాడి దగ్గరికి పరుగెత్తుకు వెళ్లే పిల్ల, కన్నతల్లి క్లాసుకి కడుపు పట్టుకుని వస్తోంది. ఆదివారం నొప్పి లేదు. మొన్న తను సెలవు పెట్టిన రోజూ లేదు.

పిల్ల బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే, పక్కన చతికిలబడి మెల్లిగా అడిగింది. "నా క్లాసంటే భయమా అమ్మా?"

పిల్ల చాలాసేపు చెప్పు పట్టీతోనే కుస్తీ పట్టింది. "నువ్వు అడిగినప్పుడు కాదమ్మా" అంది చివరికి. "అడిగి ఊరుకుంటావు చూడు, అప్పుడు."

ఆమె పిల్ల తల నిమిరి లేచింది. జబ్బు లేదన్న ఊరట ఒకపక్క, ఆ నొప్పికి కారణం తనేనన్న బాధ ఇంకోపక్క. అయినా, తనవల్ల వచ్చింది తనే పోగొట్టగలదు కదా అనిపించి కొంచెం తెరిపిన పడింది.

"ఒరేయ్, నాకు జోకులు చెప్పడం నేర్పరా" అంది తమ్ముడితో.

అతను చేతికున్న తొడుగులు విప్పుతూ ఆగిపోయాడు. "నీకా అక్కా? చిన్నప్పుడు సర్కస్‌కి తీసుకెళ్తే, జోకరు కింద పడితే కాలు విరుగుతుందేమోనని ఏడ్చావు నువ్వు. అందరం ఆట మధ్యలో లేచొచ్చేశాం."

"విరిగేదేమో మరి."

"ఇదిగో, ఈ మాటలే వద్దు" అని నవ్వి, ఆమెకి తగ్గ చిన్న జోకు ఒకటి నేర్పాడు. దాన్ని ఆమె ఇంటికెళ్లేదాకా పద్యంలా వల్లె వేసుకుంది.

మర్నాడు కూతురు చదివే ఏడో తరగతిలో హాజరు వేశాక గొంతు సవరించుకుంది. "ఎక్కాలు రానివాడు ఏం చేయాలి?" అని అడిగింది. క్లాసు బిగుసుకుపోయింది. "లిఫ్టులో వెళ్లాలి" అని తనే చెప్పింది. ఎవరూ కిక్కురుమనలేదు. "ఎందుకంటే, ఎక్కం అంటే గుణకారాల పట్టిక. ఎక్కడం అంటే మెట్లు ఎక్కడం. రెండింటికీ మాట ఒకేలా ఉంది కాబట్టి..." అని బోర్డు మీద రెండూ రాసి వివరించింది.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, ఇది సూత్రమా? గీత గీసి రాసుకోవాలా?"

వెనక బెంచీలో ఒకడున్నాడు. కుదురుగా కూర్చోలేడు కాబట్టి వాణ్ణి అందరూ 'బొంగరం' అంటారు. వాడు లేచి, "పరీక్షలో వస్తుందా టీచర్?" అని అడిగాడు. వెక్కిరింత కాదు. నిజంగానే కంగారుపడి అడిగాడు.

కూతురు తల వంచుకుని పెన్సిలు కొరుకుతోంది. అమ్మ పరువు పోతోందని దానికి కడుపునొప్పి ఇంకో పిసరు పెరిగి ఉంటుంది.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి జరిగింది చెప్పింది. అవతల అతను నవ్వలేక చచ్చాడు.

"జోకు కొస నువ్వే చెప్పేస్తే ఎలా అక్కా? నేను కొస చెప్పను. మొదలుపెట్టి, 'అప్పుడు ఆ కోతి ఏమందో తెలుసా' అని మిషను ఆన్ చేస్తా. ఏమందా అని పిల్లలు నోరు తెరుచుకుని అలాగే ఉంటారు. నా పని అయిపోతుంది. మిషను ఆపాకే కొస. కొస కోసం ఎంతసేపైనా ఓర్చుకుంటారు పిల్లలు."

ఫోను పెట్టేశాక ఆ మాటే పట్టుకుని కూర్చుందామె. జోకు చెప్పడం తన వల్ల కాదు. ఆ సంగతి తేలిపోయింది. కానీ కొసని దాచిపెట్టడం వచ్చు. లెక్కల్లో చేసేదంతా అదేగా.

కాగితం తీసుకుని పైన ఒక పొడుపుకథ రాసింది: 'నోరు తెరవమంటాడు, మాట్లాడనివ్వడు. ఎవరు?' దాని కింద అయిదు లెక్కలు. వాటి కింద ఒక పెట్టెలో అంకెలు, ఒక్కో అంకె పక్కన ఒక్కో అక్షరం. లెక్క చేసి, వచ్చిన జవాబుని పెట్టెలో వెతికి, దాని పక్కనున్న అక్షరం రాసుకోవాలి. అయిదూ సరిగ్గా చేస్తే అయిదు అక్షరాలూ కలిసి 'పళ్ల డాక్టరు' అవుతుంది.

అక్కడితో ఆగలేదు. ఏ లెక్కలో ఏ పిల్ల ఎక్కడ కాలు జారుతుందో ఆమెకి కొట్టినపిండి. ఇన్నేళ్లూ ఎర్ర సిరాతో కొట్టేసిన తప్పులన్నీ గుర్తు తెచ్చుకుంది. ఆ తప్పు జవాబులకి కూడా పెట్టెలో చోటిచ్చి, తలా ఒక అక్షరం ఇచ్చింది. రాస్తూ రాస్తూ ఒకచోట తనకి తనే ఫక్కుమంది. అంత చప్పుడు తన గొంతులోంచి వచ్చిందని నమ్మలేక చుట్టూ చూసుకుంది.

భర్తకి జిరాక్సు షాపు ఉంది. ప్రతులు తీయమని పొద్దున్నే కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయనకి లెక్కలంటే చిన్నప్పట్నుంచీ పడదు. కాసేపటికి వెళ్లి చూస్తే మిషను మీద కాగితం అలాగే ఉంది. బల్ల మీదికి వంగి, ఎవరిదో పాత రసీదు వెనకాల ఏవో కూడుతున్నాడు.

"ఉండు, ఉండు, చెప్పకు! ఇంక ఒక్క అక్షరమే" అన్నాడు చెయ్యి అడ్డం పెట్టి. బయట వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. ఆయన తల ఎత్తలేదు.

క్లాసులో కాగితాలు పంచి, "ఎవరూ పక్కవాళ్లకి కొస చెప్పకూడదు" అని మాత్రం చెప్పి కుర్చీలో కూర్చుంది. బెంచీల మధ్యకి వెళ్లలేదు. చేతులు ఖాళీగా ఉండలేక సుద్దముక్కని రెండుగా విరిచింది, నాలుగుగా విరిచింది.

మొదట పెన్సిళ్ల చప్పుడు. తర్వాత గుసగుసలు. ఇంతలో వెనక నుంచి ఒక కేక.

"టీచర్! నాకు కోళ్ల డాక్టరొచ్చాడు!"

బొంగరం. మొదటి లెక్క 'ఆరు కూడిక నాలుగు ఇంటూ మూడు'. వాడు హడావుడిలో మూడు అంకెలూ కూడేశాడు. పదమూడు పక్కన 'కో' ఉంది.

"కోడికి పళ్లెక్కడివిరా?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"నోరు తెరవమన్నారు గానీ పళ్లున్నాయని అన్నారా? కోడి నోరు తెరిచినా మాట్లాడదు. సరిపోయింది!"

క్లాసు గొల్లుమంది. ఆ నవ్వుల్లో కూతురు లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది.

"అమ్మా, నాకు కళ్ల డాక్టరొచ్చాడమ్మా!" అంది పిల్ల, నవ్వు ఆపుకోలేక. బడిలో ఎప్పుడూ టీచర్ అనే పిల్ల. "కళ్ల డాక్టరు నోరెందుకు తెరవమంటాడు? ఉండు, ఉండు... ముందు కూడేశాను. పది మూళ్లు ముప్ఫై అనేసుకున్నా. గుణకారం కదా ముందు చెయ్యాలి! పన్నెండూ ఆరూ..." కూర్చుని గబగబా కొట్టేసి, మళ్లీ రాసింది. "పద్దెనిమిది. 'ప'! పళ్లు! మామయ్య!"

తప్పు చేసినందుకు అది నవ్వింది. తప్పెక్కడుందో తనే వెతుక్కుంది. తల్లి ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కళ్లు తుడుచుకోవడానికి బోర్డు వైపు తిరిగితే, ఆమె కూడా నవ్వుతోందనుకున్నారు పిల్లలు. అదీ నిజమే.

తలుపు దగ్గర పెద్ద మేడమ్ నిలబడి ఉంది. పక్క గది సైన్సు మాస్టారు కబురు పెట్టాడట. క్లాసు ఠక్కున నిశ్శబ్దమైంది.

గంట కొట్టాక గదికి పిలిచి, "మీ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందని పదిమందికీ చెప్పుకునేదాన్ని. ఇదేం సంతండీ?" అంది పెద్ద మేడమ్.

టీచర్ దాచలేదు. పిల్ల కడుపునొప్పి, స్కానింగు, డాక్టరమ్మ మాట, చెప్పు పట్టీ దగ్గర పిల్ల చెప్పింది, అన్నీ చెప్పేసింది. పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"యూనిట్ టెస్టు దాకా చేసుకోండి. మార్కులు తగ్గాయో, నేను అడ్డుపడక తప్పదు. ఆ కిటికీలు మాత్రం మూయించండి, తల్లీ."

అప్పట్నుంచి వారానికోసారి కాగితం వచ్చేది. కొన్నాళ్లకి పిల్లలే పొడుపుకథలు తేవడం మొదలుపెట్టారు. బొంగరం ఒకరోజు, "రైతు ఎంత చెమటోడ్చినా పంట రాని సాగు ఏది?" అని రాసుకొచ్చాడు. జవాబు 'కసాగు', లెక్కల్లోని కనిష్ఠ సామాన్య గుణిజం. దానికి లెక్కలు కూడా వాడే కట్టాడు. మూడు అక్షరాలకి మూడు లెక్కలు కట్టడానికి ఎన్నిసార్లు కొట్టేసి రాశాడో కాగితం చిల్లులు పడింది. ఆమె చదివింది, మూడు క్షణాల తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడి మరీ నవ్వింది. ఆమె నవ్వడం చూసి క్లాసు రెండోసారి నవ్వింది.

పరీక్ష రోజు పొద్దున పిల్ల మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుంది. వంటింటి గుమ్మంలో తల్లి ఆగిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది అనుకుంది.

"నొప్పా అమ్మా?"

"ఆకలి" అంది పిల్ల ఆవలిస్తూ. "రాత్రి సరిగ్గా తిననేలేదుగా. బ్రెడ్డుంటే పెట్టు, వెన్న ఎక్కువ రాసి."

ఆమె వెన్న రాసింది. మందంగా, రొట్టె కనబడకుండా.

మార్కులు ఆకాశానికేమీ ఎగరలేదు. కొందరికి పెరిగాయి, కొందరికి ఉన్నచోటే ఉన్నాయి. బొంగరం అత్తెసరుగా గట్టెక్కాడు. కూతురికి మధ్యస్తంగా వచ్చాయి. కానీ తెల్లకాగితం ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. దిద్దుతుంటే ఆ తేడానే ఆమెకి కొట్టొచ్చినట్టు కనబడింది. తప్పయినా సరే, ప్రతివాళ్లూ ప్రతి లెక్కా మొదలుపెట్టారు. పెద్ద మేడమ్ కట్ట తిరగేసి వెనక్కిచ్చింది. వెళ్లబోతుంటే పిలిచి, "ఆరో తరగతికి కూడా అలాంటి కాగితం ఒకటి చూడండి" అంది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు నడిచి ఇంటికి బయల్దేరారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. పిల్ల సంచి తల్లి భుజానికి తగిలించేసి, గుంటలు తప్పించుకుంటూ ముందు నడుస్తూ ఆగకుండా కబుర్లు చెబుతోంది. స్నేహితురాలితో గొడవ, ఆటల పీరియడ్లో పోయిన బంతి, తనకి జుట్టు కత్తిరించుకోవాలని ఉందని, నాన్న ఒప్పుకుంటాడా అని. ఆమె అన్నిటికీ ఊకొడుతోంది. వీధి మలుపు తిరిగి ఇల్లు కనబడ్డాక గానీ, దారంతా లెక్కల మాటే రాలేదని ఆమెకి తట్టలేదు.

"భుజాల దాకా చాలా, ఇంకా పైకా?" అని అడిగింది తల్లి.

"ఇంకా పైకి!" అంది పిల్ల.