చీమల పౌడరు

“గుమ్మం దగ్గర మాత్రం తుడవకు పిచ్చుకా, చీమలకి పౌడరు చల్లుతున్నాను” అన్నాడు భర్త.

అప్పటికే చెప్పులు వేసుకుని బయట గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి లోపలికి చాచి, గడప పొడుగునా పల్చగా చల్లి, చేతులు దులుపుకుని, ఆమెకేసి ఒక ముద్దు విసిరి, తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగిపోయాడు.

తడిగుడ్డ పట్టుకుని నేలమీద కూర్చునే ఆమె ఆ ముద్దుని అందుకుంది. కొత్తగా పెళ్ళయినదానికి నేల తుడవడం కూడా ముచ్చటే. తడి ఆరుతుంటే గచ్చుమీద తేలే ఆకారాలు ముచ్చట, తను ఏరి కొన్న నీలం బకెట్టు ముచ్చట, రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఆ మేడమీది వాటాకి ఒకే ఒక్క గుమ్మం ఉండటమూ ముచ్చటే. ‘పిచ్చుక గూడులా ఉందండీ’ అని వచ్చిన రోజే అంది. ఆ మాటమీదే అతను ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టాడు. పొద్దున లేస్తే ముగ్గురికీ కాఫీలు, అత్తగారి మోకాళ్ళకి నూనె, అతని టిఫిను డబ్బా, బట్టలు, గిన్నెలు, మళ్ళీ గిన్నెలు. మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. అయినా సాయంత్రం చెల్లెలికి ఫోను చేసి, ఇంటిపనిలో మా ఆయన సాయం చేస్తాడే అని గొప్పలు పోయేది. ఆ సాయం ఇదే. పొద్దున చీమలకి పౌడరు చల్లడం, సాయంత్రం వచ్చాక పొడిగుడ్డతో తనే దాన్ని తుడిచెయ్యడం. అతను ఇంట్లో ఇంకో పని ముట్టుకోగా ఆమె ఇంతవరకూ చూడలేదు.

పౌడరంటే ఆమెకి మొదట్నించీ ప్రేమ. కాలేజీలో భూగర్భశాస్త్రం చదివింది. ప్రాక్టికల్సులో ఆమె చేతికొచ్చిన మొట్టమొదటి రాయి టాల్కే. లేత ఆకుపచ్చ రంగు, పట్టుకుంటే సబ్బుబిళ్ళలా జారుడు. ‘రాళ్ళలో ఇంతకంటే మెత్తనిది లేదు, గోటితో గీకి చూడండి’ అన్నారు లెక్చరరు. గీకితే గోటికింద తెల్లగా పొడి దిగింది. చిన్నప్పుడు పలకమీద దిద్దిన బలపమూ, పసిపాప మెడ మడతల్లో అద్దే పౌడరూ, దర్జీ గుడ్డమీద గీసే గీతా అన్నీ ఆ రాయి ఇంటి పిల్లలేనని తెలిసి, ఆ రోజంతా ఆమె కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. భర్త సైకిలు ట్యూబుల గోడౌనులో సూపర్వైజరు. ట్యూబులు ఒకదానికొకటి అంటుకోకుండా అక్కడా ఇదే పొడి కొడతారు, వాసనా గీసనా లేని ఉత్త పొడి. గుమ్మంలో చల్లడానికి అతను తెచ్చేదీ అదే. మొదటిసారి కలిసినప్పుడు అతని చొక్కా జేబుమీద తెల్లటి మరక చూసి, ‘ఇతను నా రాయితో పనిచేస్తాడు’ అని మురిసిపోయి పెళ్ళికి ఒప్పుకున్న మనిషి ఆమె.

అంతా బాగానే ఉంది. చీమలే లేవు.

రాళ్ళు చదివినవాళ్ళకి, చూడనిదే నమ్మకూడదని ఒక పాడు అలవాటు. ఆమె వంటింటి గట్టు పక్కన చిటికెడు, కిటికీ కింద చిటికెడు, గుమ్మానికి కాస్త ఇవతలగా చిటికెడు పంచదార వేసింది. మర్నాడు చూస్తే ఎక్కడ పలుకు అక్కడే ఉంది. ఆ పై రోజూ అంతే. పంచదార చెమ్మగిల్లి నేలకి అంటుకుపోయింది గానీ ఒక్క చీమా తొంగిచూడలేదు. దాన్ని గీకి తియ్యడం ఇంకో పని.

“అత్తయ్యా, మనింట్లో ఎప్పుడైనా చీమలుండేవా?” అని అడిగింది.

అత్తగారు పడకకుర్చీలో కాళ్ళు బారజాపుకుని ఉంది. “లేని చీమల గొడవ నీకెందుకమ్మాయ్? గుమ్మం తుడవలేదు కదా?” అంది. అంటూనే చేతివేళ్ళని ఒళ్ళోని తువ్వాలుకి రాసుకుంది. వేళ్ళ చివర్లు తెల్లగా ఉన్నాయి.

అనుమానం ఒక్కటే రాదు, చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని వస్తుంది. అతను సాయంత్రం తలుపు తియ్యగానే ముందు నేలకేసి చూస్తాడు, తర్వాతే ఆమె మొహంలోకి. ఇన్నాళ్ళూ అది సిగ్గనుకుని ముద్దొచ్చేది. ఒకసారి అతని చొక్కా గుండీ ఊడిపోతే, దానికి జోడు వెతకడానికి వీధి చివరి కొట్టుదాకా వెళ్ళొచ్చింది. చెప్పదగ్గ సంగతేం కాదు కనక చెప్పలేదు. ఆ పూట అతను తలెత్తకుండా భోజనం చేశాడు. ‘ఇవాళేం చేశావు?’ అన్నాడు. ‘ఏముంది, ఇంట్లోనేగా’ అంది. ‘ఇంట్లోనే’ అన్నాడు, ఆ మాటని నోట్లో కాసేపు నానబెట్టి. తర్వాత ‘కాళ్ళు ఇలా చాపు, పడతాను’ అన్నాడు. ఆమె వద్దు వద్దంటూనే చాపింది. అరికాళ్ళు దీపంవైపు తిప్పుకుని, మడమల పగుళ్ళమీద బొటనవేలితో మెల్లిగా రాసి, ఆ వేలికేసి చూసుకున్నాడు. ‘బాగా తిరిగినట్టున్నాయే ఈ కాళ్ళు’ అని నవ్వాడు. ఆమె మర్నాడు చెల్లెలికి ఫోను చేసి, ‘మా ఆయన నా కాళ్ళు పడతాడే’ అంది. ‘పెట్టి పుట్టావే అక్కా’ అంది చెల్లెలు. ఇప్పుడది తలుచుకుంటే పాదాలు వాటంతటవే ముడుచుకున్నాయి. ఛ, నేనే మరీ చేస్తున్నానేమో అనుకుంది. ఇదంతా అత్తగారి పని ఎందుకు కాకూడదు? పగలంతా కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంటుంది, నిద్రో కాదో తెలీదు. ఆ వేళ్ళకి పౌడరెందుకు? కొడుకు చల్లింది చాలక తనూ కాపలా కాస్తోందా? కొడుకుని అనుమానించడం కంటే తల్లిని అనుమానించడం ఆమెకి తేలిగ్గా ఉంది. ఆ తేలికమీద కూడా కాస్త అనుమానం వచ్చింది.

ఇంతలో ల్యాబ్ మేడమ్ ఫోను చేసింది. ఖనిజాల పొడుల్ని పరీక్షించే చిన్న ల్యాబ్ ఆవిడది, రెండు బస్టాపుల అవతల. పెళ్ళికి ముందు ఆమె అక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. “చోటు ఖాళీ అయింది, ఒకసారి వచ్చి కనపడు” అంది మేడమ్. ఉద్యోగం మాటెత్తినప్పుడల్లా భర్త గెడ్డం పట్టుకుని, ‘ఇప్పుడేం తొందర పిచ్చుకా? మొదటి ఏడాది ఇద్దరం హాయిగా ఉందాం’ అనేవాడు. అని గోడౌనుకి వెళ్ళిపోయేవాడు. ఇద్దరి తరఫునా హాయిగా ఉండే పని ఆమె ఒక్కదాని నెత్తిన పడింది.

వంట ముగించి, అత్తగారు కుర్చీలో కళ్ళు మూసుకున్నాక బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగింది. అతను బాగా వెడల్పుగా చల్లాడు, ఆమె అంగకి అందదు. గెంతితే దాటొచ్చు. గెంతడానికి ఒళ్ళు కూడదీసుకుంది కూడా. అప్పుడు సిగ్గేసింది. కాపురముంటున్న ఇంట్లోంచి దొంగలా గెంతడమేమిటి? కాలు వేసింది. అయిదు వేళ్ళూ మడమా అచ్చు పోసినట్టు పడ్డాయి.

ల్యాబ్ లో మేడమ్ నల్లకాగితం పరిచి, దానిమీద రెండు కుప్పలు పోసింది. “మెషీన్లు తర్వాత. ముందు వేళ్ళతో చెప్పు, ఏది అసలు, ఏది కల్తీ?”

ఆమె చిటికెడు చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. “ఇది జారిపోతోంది మేడమ్. ఇది మాత్రం వేలికి అడ్డంపడుతోంది. సుద్ద కలిపారు.”

“సోమవారం నుంచి వచ్చెయ్” అంది మేడమ్. ఆమెకి అక్కడే ఒక గంతెయ్యాలనిపించింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరంతా తనకోసమే ఎండలో ఆరబెట్టినట్టుంది.

ఇంటికొచ్చి తలుపు తోసేసరికి ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. గుమ్మంలో ఆమె అడుగులు లేవు. పొడి నున్నగా, ఎవరూ తొక్కనట్టు పరుచుకుని ఉంది. మోకాళ్ళమీద కూర్చుని చిటికెడు తీసి నలిపింది. అతని గోడౌను పొడి కాదిది. సన్నగా ఉంది, గులాబీల వాసన వేస్తోంది. అత్తగారి గూట్లో ఉండే ఒంటి పౌడరు వాసన. పడకకుర్చీలో అత్తగారు కళ్ళు మూసుకునే ఉంది. ఊపిరి మాత్రం మెట్లెక్కి వచ్చిన మనిషిలా తీస్తోంది. ఆమె లోపలికి నడిచి, మొహం కడుక్కుని వచ్చేసరికి ఆ కొత్త అడుగులూ మాయమయ్యాయి.

సాయంత్రం భర్త వచ్చాడు. నేలకేసి చూశాడు. మొహం వికసించింది. “ఇవాళ ఇల్లు కదల్లేదన్నమాట! మా మంచి పిచ్చుక” అన్నాడు.

ఆమె ఇంకా నోరు విప్పలేదు. అత్తగారూ విప్పలేదు.

“మీకెవరు చెప్పారు?” అంది.

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. “ఒకరు చెప్పాలేంటి? నీ సంగతి నాకు తెలీదూ?” అని, మంచంమీద చతికిలబడి, “కాళ్ళిలా ఇవ్వు, పడతాను” అన్నాడు.

“నొప్పుల్లేవు” అంది ఆమె, పాదాలు కిందికి ముడుచుకుని. కల్తీ ఎక్కడుందో వేళ్ళకి తెలిసిపోయింది.

మర్నాడు అతను వెళ్ళిన అడుగుల చప్పుడు మెట్లమీద అణిగిందాకా ఆగి, అత్తగారి కుర్చీ ముందు నేలమీద కూర్చుంది. “అత్తయ్యా, నిన్న నా అడుగులు మీరే కదా చెరిపింది?”

అత్తగారు కళ్ళు తెరవలేదు. “బాగా రాలేదా?” అంది.

“బాగానే వచ్చింది. కానీ గులాబీల వాసనొస్తోంది.”

“వస్తే రానీ. ఆ రబ్బరు కంపులో వాడి ముక్కు ఎప్పుడో చచ్చింది. వాళ్ళ నాన్న ముక్కూ అంతే, అదే గోడౌనుగా.” అప్పుడు కళ్ళు తెరిచింది. “నువ్వెప్పుడైనా పట్టుబడ్డావా? ఒక్క ఆ గుండీ రోజు మాత్రం నిద్రపట్టేసింది నాకు. లేచేసరికి వాడొచ్చేశాడు.”

“అంటే అంతకుముందూ...”

“నువ్వు పైమెట్టుమీద నుంచుని వాన చూసొచ్చిన రోజు. కూరలవాడి వెనక కిందిదాకా పరిగెత్తిన రోజు. ఎన్ని చెరిపాననుకున్నావ్! నీకు కాలు ఒకచోట నిలవదు కదా తల్లీ.” నవ్వింది. నవ్వు ఎంతోసేపు ఉండలేదు. “మీ మామగారు మొదలెట్టాడిది. చీమలకనే చెప్పేవాడు. వీణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ‘అమ్మ ఎన్నిసార్లు తొక్కిందో చెప్పరా, మిఠాయి కొంటాను’ అనేవాడు. వీడికది ఆట. పాపం, మిఠాయి కోసం చెప్పేవాడు.”

“మీరెక్కడికెళ్ళేవారు అత్తయ్యా?”

“ఎక్కడికీ లేదే! వీధి చివర బట్టల కొట్టుకి పెద్ద అద్దం ఉండేది. అందులో నన్ను నేను నిలువునా చూసుకుని వచ్చేసేదాన్ని. అంతకంటే దూరం వెళ్ళింది ఒక్కసారే. మా అమ్మకి బాగాలేదని కబురొస్తే, చెరపడం మర్చిపోయి పరిగెత్తాను. తిరిగొస్తే మీ మామగారు తలుపు తియ్యలేదు. తెల్లారిందాకా ఆ మెట్లమీదే. లోపల వీడి ఏడుపు వినిపిస్తూనే ఉంది.”

“ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే వాడిమీద నీ మనసు విరుగుతుంది. చెప్పకపోతే నువ్వు దొరికిపోతావు. ఏంచెయ్యను? మధ్యలో పౌడరు చల్లుకుంటూ కూర్చున్నాను.” అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. గూట్లోంచి డబ్బా తీసింది. “ఇలా చూడు. చెయ్యి బాగా ఎత్తుగా పెట్టాలి. దగ్గర్నించి చల్లితే కుప్పలు పడుతుంది, కనిపెట్టేస్తారు. డబ్బా అడుగున మెల్లిగా వేలితో కొట్టు. ముందు పొడిగుడ్డతో అడుగు చెరిపి, ఆ తర్వాత. రేపోమాపో నా మోకాళ్ళు కిందికి వంగవు. నువ్వే చూసుకోవాలి.”

ఎంత శ్రద్ధగా నేర్పుతోందో! వంట నేర్పినప్పుడు కూడా ఇంత ప్రేమగా నేర్పలేదు. ఆమె ఆ డబ్బాని చేతిలోకి తీసుకుంది. అత్తగారి వేళ్ళ రాపిడికి పైరంగు అరిగిపోయి ఉంది. ఈమె మోకాళ్ళు అరిగింది నేల తుడిచీ, నీళ్ళు మోసీ అనుకుంది ఇన్నాళ్ళూ. గుమ్మం దగ్గర వంగి వంగి కూడానేమో. తన మోకాళ్ళకింకా బోలెడు వయసుంది. రోజూ ఉద్యోగానికి వెళ్ళొచ్చు, రోజూ అతనికంటే ముందొచ్చి, గుడ్డతో చెరిపి, చెయ్యి ఎత్తుగా పెట్టి చల్లొచ్చు. అతను వచ్చి మంచి పిచ్చుక అంటాడు. అందరూ హాయిగా ఉంటారు. ఎంత తేలిక! అలా అలవాటైపోయి, ఏదో ఒకనాటికి ఈ డబ్బా ఇంకెవరి చేతికో ఇచ్చి, ఎలా చల్లాలో నేర్పుతుంది తను కూడా, ఇంతే ప్రేమగా. ఆమె డబ్బాని మెల్లిగా అత్తగారి చేతిలో పెట్టేసింది.

సోమవారం భర్త చల్లాల్సింది చల్లి, ముద్దు విసిరి వెళ్ళాడు. ఆమె పనులు ముగించుకుని సంచి భుజాన వేసుకుంది. అత్తగారు అప్పటికే డబ్బాతో, పొడిగుడ్డతో కుర్చీ అంచున సిద్ధంగా కూర్చునుంది.

“నువ్వెళ్ళు, నేను చూసుకుంటాగా.”

“వద్దత్తయ్యా. ఇవాళ చెరపకండి.”

“పిచ్చెక్కిందా నీకు?”

ఆమె ఫోను తీసి భర్తకి కలిపింది. “ఏంటి పిచ్చుకా, అప్పుడే గుర్తొచ్చానా?” అన్న అతని గొంతు వెనక ట్యూబులు దులుపుతున్న చప్పుడు వినిపించింది.

“నాకు ల్యాబ్ లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బయల్దేరుతున్నాను. రోజూ వెళ్తాను. మీరు వచ్చాక గుమ్మంలో చూసి తెలుసుకోవడమెందుకని, నేనే చెబుతున్నాను.”

అవతల చప్పుడు ఆగలేదు. అతని మాటే ఆగిపోయింది. ఆమె కాసేపు చూసి పెట్టేసింది. ఫోను సంచిలో వేసుకుంది.

“ఏమన్నాడు?” అంది అత్తగారు.

“ఏమీ అనలేదు.”

“అనడే అమ్మా. వాళ్ళ నాన్నా అంతే. నోటితో ఒక్క మాటనడు, చూస్తాడు.”

ఆమె పొడిమీద రెండు పాదాలూ పూర్తిగా ఆనించి నిలబడి, బయట ఉన్న చెప్పులు వేసుకుంది.

“చూడనివ్వండి అత్తయ్యా” అంది. “ఎన్నాళ్ళు చూస్తారో నేనూ చూస్తాను.”