నైరీ పది నిమిషాలు

తమవాళ్ల ఆచారం ప్రకారం ముక్కుకు ముక్కు ఆనించి మనవరాలిని పలకరించబోయింది నైరీ. కూతురు కాహు నెలల పిల్లను చటుక్కున వెనక్కి లాక్కుంది. "సిగరెట్టు కంపు! నోరు కడుక్కుని, చొక్కా మార్చుకుని రామ్మా. అప్పుడెత్తుకుందువు గాని." కన్న కూతురు, అదీ వియ్యపురాలి ముందర! నైరీకి తల కొట్టేసినట్టయింది. నైరీ మొగుడు తూరెయ్ పక్కున నవ్వి, "మీ అమ్మ దగ్గరికొస్తే మా గొర్రెలే తుమ్ముతాయి" అన్నాడు.

ఆ వారమే వేప్ కొంది, సిగరెట్టు బదులు ఆవిరి పీల్చే బ్యాటరీ గొట్టం. సిగరెట్లు ఒక్కసారిగా మానలేదు. మానగలిగితే ఎప్పుడో మానేది. ముందు లేవగానే కాల్చేది పోయింది, తర్వాత భోజనమయ్యాక కాల్చేది. నెల తిరిగేసరికి మిగిలింది మధ్యాహ్నం స్మోకో తర్వాతది ఒక్కటే.

సౌత్‌ల్యాండ్ కొండల్లో గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాకు తూరెయ్ మేస్త్రీ, నైరీ వంటమనిషి. పదిహేను మందికి మాంసం కూర, స్కోన్లనే చిన్న బన్ను రొట్టెలు, శాండ్‌విచ్‌లు. స్మోకో అంటే పూటకో అరగంట విశ్రాంతి, అది ముఠాకే. వాళ్లు ఉన్ని మూటల మీద వాలిపోతే, "ఆంటీ, ఇంకాస్త టీ!" అన్న ప్రతి కేకకూ పరుగెత్తేది నైరీ. వాళ్లు మళ్లీ పనిలోకి దిగాకే ఆమె వంటింటి వెనక చేరి పొగాకు చుట్టుకునేది. చుట్టడానికి మూడు నిమిషాలు, కాల్చడానికి ఏడు. ఆ పది నిమిషాలూ ఎవరూ పిలిచేవారు కాదు. "ఆంటీ దమ్ము కొడుతోంది, ఆగండ్రా" అనుకునేవాళ్లు.

చివరికి ఆ ఒక్కదాని బదులూ వేప్ పట్టింది. వేప్‌కు చుట్టడం లేదు, అగ్గిపెట్టె లేదు. ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో పీల్చుకోవచ్చు. అలాగే పీల్చింది. ఉన్ని ఏరే హూయా ఆ వేప్ మామిడి వాసన పట్టి, "ఆంటీ, ఇవాళ మామిడిపండు కేక్ చేస్తున్నావా?" అని అరిచింది. ముఠా అంతా పళ్లేలతో గుమ్మంలో నిలబడింది. పొయ్యి మీదున్నది మాంసం కూర. యాభై ఎనిమిదేళ్ల మనిషి, దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఆ గొట్టాన్ని జేబులో దాచుకుంది.

తూరెయ్ మాత్రం మెచ్చుకున్నాడు. "మంచి పని చేశావే. ఇంక వెనక్కెళ్లి కూర్చునే పని లేదుగా, ఆ టైములో మంద తోలేవాళ్లకి కూడా నాలుగు స్కోన్లు చేసి పడెయ్."

"సరే" అంది. అలవాటైన నోరు.

పిండి కలుపుతుంటే తట్టింది ఆమెకు. ముప్పై ఏళ్లుగా ఈ ముఠాకు వండి పెడుతోంది. కాసేపు కూర్చోవడానికి ఒక పాడు అలవాటును సాకుగా పెట్టుకుంది తప్ప, కాళ్లు లాగుతున్నాయని నోరు తెరిచి ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. ఊపిరితిత్తులు పాడు చేసుకుని మరీ కూర్చుంది! కూతురి మాటకు వేసిన సిగ్గు ఈ సిగ్గు ముందు ఏ మూలకి?

మూడుంపావుకు ముఠా పనిలోకి దిగింది. నైరీ పొగాకు పొట్లం చెత్తబుట్టలో వేసి, వేప్ గూట్లో పెట్టి, చేతులకంటిన పిండి దులుపుకుని వెళ్లి వెనక మెట్టు మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తూరెయ్ వెతుక్కుంటూ వచ్చాడు. "మళ్లీ మొదలెట్టావా?"

"లేదు."

"మరి స్కోన్లు? ఇక్కడేం చేస్తున్నావే?"

"కూర్చున్నాను."

సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా లేవలేదు.