ఆపిల్ మొక్కకి దర్జీ ముడి

నా ఆపిల్ మొక్క చస్తోందని మా మరిదికి నాకంటే ముందే తెలిసిపోయింది. ఆకులు పసుపెక్కి రాలిపోతుంటే టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు.

"వదినా, వానలు తగ్గగానే మేస్త్రీ వస్తాడు. అప్పటికి చిగురు వేయకపోతే పీకేసి సిమెంటు చేయించేస్తా. బండి పెట్టుకోడానికి చోటు లేదు."

పెళ్లయిన దగ్గర్నుంచీ మావి అద్దె ఇళ్లే. మట్టంటే నాకు డబ్బాల్లో ఉండేదే. సొంతిల్లు కొన్నాక పెరట్లో రెండు చాపలంత నేల దక్కింది. అందులో నేను నాటిన మొదటి మొక్క ఇది. దాన్ని పీకనిస్తానా? కానీ నాకు నోరుండి ఏం లాభం, మొక్క వినాలిగా. ఎరువు వేశాను, నీళ్లు తగ్గించాను, మళ్లీ పెంచాను, బతిమాలాను, తిట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

మా ఆయన దర్జీ. ఆయన కుట్టు ఊడిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. ఆ రోజు ఎదురింటావిడ కూతురి గౌను పొట్టయిందని తెచ్చింది.

"ఏం పర్లేదమ్మా, పెరిగే పిల్లని లోపల గుడ్డ వదిలే కుట్టాను," అంటూ ఆయన అంచు విప్పుతున్నారు.

చేతిలో గిన్నె అక్కడే పెట్టేశాను. గాలికి వాలకుండా మొక్కని కర్రకి కట్టింది ఈయనే. నాడాతో బిగించి మూడు చుట్లు, పైన అందంగా గుడ్డ తొడుగు కుట్టి మరీ.

"ఏవండీ, దానికెంత వదిలారు?"

"దేనికి?"

"మొక్కకి."

కత్తెర పట్టుకుని చెప్పుల్లేకుండానే పరుగెత్తారు. తొడుగు విప్పితే నాడా బెరడులోకి దిగిపోయి ఉంది. దాని పైన కాండం ఉబ్బిపోయింది. ఎంత ఖరీదైన బట్టనైనా చకచకా కత్తిరించే మనిషి, కత్తెర పక్కన పెట్టి గోటితో నాడా అంచు లేపారు. నాకు కోపం రావాలి, జాలేసింది.

"ముడి గట్టిదని మురిసిపోయానే," అన్నారు, ఒక్కో పోగూ తీస్తూ. తర్వాత మెత్తటి గుడ్డతో, వేలు దూరేంత వదులుగా కట్టారు.

ఆ రోజు నుంచి కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను. మేస్త్రీ వచ్చేసరికి కొమ్మ కొమ్మకీ చిగురే. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మరిది కాసేపు చూసి, "సరే, దాని చుట్టూ వదిలేసి వెయ్యి," అన్నాడు మేస్త్రీతో. మేస్త్రీ సుద్దతో పళ్లెమంత గీత గీశాడు.

మా ఆయన మెడలో టేపు తీసి కింద కూర్చున్నారు. ఆ గీత చెరిపేసి, బండి చోటంతా కలుపుకుంటూ ఇంకోటి గీశారు.

"ఇంత ఎందుకన్నయ్యా?"

"పెరిగే పిల్లరా."

బండి ఇప్పటికీ వీధిలోనే ఉంటుంది. దాని మీద దర్జాగా కూర్చుని మా చెట్టు మొదటి ఆపిల్ తిన్నది మాత్రం మా మరిదే.