‘లూవెనియా నడక’ కట్టినామె

చికాగోలో ఆ ఎండాకాలం మా బ్యాండు మొదటిసారి రికార్డుకెక్కింది. నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. పియానో ఓర్లీనా పెటిగ్రూది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. మిసిసిపీలో తల్లి చర్చి ఊడుస్తున్నంతసేపూ అక్కడి పియానోతో కుస్తీ పడి తనే నేర్చుకుంది. పాటలు కట్టేది కానీ వాటి స్వరాలు కాగితం మీద పెట్టడం రాదు. ఆ పని బ్యాండు యజమాని హోసియా గ్రాండిసన్ చేసేవాడు.

రికార్డులో చప్పుడు పడుతుందని స్టూడియో గదిలో ఫ్యాన్లు ఆపేసి, కిటికీలు మూశారు. అద్దం వెనక నుంచి ఇంజనీరు చదివాడు: “తర్వాతిది ‘లూవెనియా నడక’. కట్టినవారు హోసియా గ్రాండిసన్.”

మొదలుపెట్టమని ఎర్ర దీపం వెలిగింది. ముందు ఎత్తుకోవలసింది పియానో. ఓర్లీనా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పాటను చెక్కుకునే మైనపు పళ్ళెం ఉత్తినే తిరిగి పాడైంది.

గ్రాండిసన్ దగ్గరకొచ్చి, వేళ్ళు పట్టేశాయా అని మెల్లగా అడిగాడు.

“వేళ్ళకేం, బానే ఉన్నాయి. లూవెనియా ఎవరండీ?” అంది ఓర్లీనా.

“ఎవరైతేనేం? పేరు బాగుంది, పెట్టాం.”

“మా అమ్మ. కుంటుతూ నడిచేది. ఆ అడుగులే నా ఎడమచేతిలో వినిపించేవి.”

“రాసింది నేనమ్మాయ్.”

“రాశారు. కట్టింది నేను.”

ఆయన ఆమెను లేపి తనే కూర్చున్నాడు. మళ్ళీ దీపం. తప్పు లేకుండా వాయించాడు. నేను అందుకోవలసిన చోటు వచ్చింది. మా నల్లవాళ్ళ బ్యాండుకు ఆ గది తలుపు తెరవడమే అరుదు. ఇది చెడితే మళ్ళీ పిలవరు. అయినా పుల్లలు తొడమీద పెట్టేశాను. ట్రంపెట్ వాయించే రఫస్ నన్ను కొరకొరా చూశాడు. అతనికి ముగ్గురు పిల్లలు. కాసేపటికి అతనూ ట్రంపెట్ దించాడు.

“రేపట్నుంచి పని అక్కర్లేదా మీకు?” అన్నాడు గ్రాండిసన్.

“ఆవిడ పేరు చెప్పండి, వాయిస్తాం,” అన్నాడు రఫస్.

ఇంకొక్క పళ్ళెమే మిగిలిందని ఇంజనీరు హెచ్చరించాడు. గ్రాండిసన్ మెడ తుడుచుకుని అద్దం వైపు తిరిగాడు. “గ్రాండిసన్, పెటిగ్రూ. రెండు పేర్లూ వెయ్యండి.”

దక్కింది సగమే. ఓర్లీనా పెదవి బిగించి మళ్ళీ పియానో ముందు కూర్చుంది. ఆ పాటను అంత కోపంగా ఆమె అంతకుముందెప్పుడూ వాయించలేదు. నేను వెనకబడకుండా పట్టుకోవడానికి చెమటలు కక్కాను.

రికార్డు బాగా అమ్ముడుపోయింది. అయినా వారం తిరక్కుండా గ్రాండిసన్ మా ముగ్గుర్నీ పనిలోంచి తీసేశాడు. రఫస్ కబేళాలో మాంసం మోశాడు. ఓర్లీనా ఒక చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ దగ్గర స్వరాలు రాయడం నేర్చుకుంది. ఆ తర్వాత తనే బ్యాండు పెట్టి ముందు రఫస్‌ను పిలిచింది, తర్వాత నన్ను. ఆలస్యంగా వస్తే ఇద్దర్నీ ఒకేలా తిట్టేది.