ఉబ్బిన పీపాలు

మా వెందెలీన్ బాబాయ్ పెళ్ళిళ్ళకి వెళ్ళేది భోజనం కోసం కాదు, ఖాళీ పీపాల కోసం. జనం తాగి పారేసిన అయిదు లీటర్ల బీరు పీపాలు, రేకువి, రెండు చంకల్లో రెండు పెట్టుకుని ఇంటికి మోసుకుపోతాడు. పైనున్న రబ్బరు బిరడా జాగ్రత్తగా ఊడదీసి, ఆ పూటే వేడినీళ్ళతో కడిగి, బోర్లించి, ఆరాక ముక్కు పెట్టి వాసన చూసి, సొంతంగా కాచిన బీరు అందులో నింపుతాడు. "రేపు కడుగుదాంలే అనుకున్నావో, తుప్పు తాగుతావు వెధవా," అని పక్కింటివాణ్ణి నన్ను ఎన్నిసార్లు తిట్టాడో! ఆయన బీరుకి వంక పెట్టినవాడు చెక్ దేశంలోని మా మొరావియా పల్లెలో ఇంకా పుట్టలేదు.

ఇందులో కిటుకంతా చక్కెరలో ఉంది. పీపా అడుగున ముందు కాస్త పాకం పోసి, దాని మీద బీరు నింపి బిరడా బిగించాలి. బీరులో మిగిలిన ఈస్ట్ ఆ తీపి తిని గ్యాస్ పుట్టిస్తుంది, నురగ వస్తుంది. పాకం వెయ్యకపోతే బీరు చప్పగా చస్తుంది. ఎక్కువ వేస్తే రేకు ఓర్చుకోదు, ఉబ్బిపోతుంది. ఒకసారి ఉబ్బిన పీపా ఇక ఎందుకూ పనికిరాదు.

బాబాయ్ కోడలు మిలదా. బాబాయ్ భార్య పోయాక ఆ ముసలాయన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. కానీ ఈ మధ్య ఆయన ఒకసారి పొయ్యి ఆర్పడం మర్చిపోయాడు. ఇంకోసారి మిలదాని, పోయిన తన పెళ్ళాం పేరు పెట్టి పిలిచాడు. దాంతో కొడుకు రదీమ్ మొదలుపెట్టాడు.

"నాన్నకి మతి జారుతోందే. వృద్ధాశ్రమంలో చేర్పిస్తే మనకీ నిశ్చింత."

"ఏం మాట్లాడుతున్నావు? మావయ్య నీకంటే గట్టిగా ఉన్నారు. నిన్న నువ్వు కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టలేదూ? ముందు నిన్ను చేర్పిస్తా," అని మిలదా ప్రతిసారీ నోరు మూయించేది. ఆవిడ అడ్డం నిలబడ్డన్నాళ్ళూ రదీమ్ ఆటలు సాగలేదు.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం బాబాయ్ నేలమాళిగలో పీపాలు నింపుతున్నాడు. మా వైపు క్యాలెండరులో ఒక్కో పేరుకి ఒక్కో పండగ రోజుంటుంది; తన పేరు దినానికి, అంటే అక్టోబరులో వచ్చే వెందెలీన్ రోజుకి, స్నేహితులందరికీ పోయాలని. నాలుగు పీపాలూ నింపి, బిరడాలు వేడినీళ్ళలో నానబెట్టి తేవడానికి పైకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మిలదా బంగాళాదుంపల కోసం కిందికి దిగింది. పీపాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పక్కన బల్ల మీద గిన్నె నిండా చక్కెర పాకం అలాగే ఉంది.

ఆవిడ చేతిలో బుట్ట కింద పెట్టేసింది. అయ్యో, పాకం వెయ్యడమే మర్చిపోయారు! యాభై ఏళ్ళుగా చేసే పనిలో మర్చిపోయారని రదీమ్ చెవిన పడితే ఇంకేమైనా ఉందా? వెనకా ముందూ చూడకుండా ఆ పాకం నాలుగు పీపాల్లోనూ సర్ది పోసేసింది. గిన్నె కడిగి బోర్లించి, దుంపల బుట్ట ఎత్తుకుని మెట్లెక్కింది.

బాబాయ్ బిరడాలతో దిగాడు. ఖాళీ గిన్నె చూసి బుర్ర గోక్కున్నాడు. "ఇదేమిటి, అప్పుడే పోసేశానా?" అని తనలో తనే అనుకోవడం మెట్ల మీదున్న మిలదాకి వినబడింది. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. పాపం పెద్దాయన, నేను చూశాను కాబట్టి సరిపోయింది అనుకుందట. తర్వాత తనే నాతో అంది.

పేరు దినం రానే వచ్చింది. పెరట్లో, మూలనున్న బాబాయ్ తేనెటీగల పెట్టెకి దూరంగా, బల్లలు వేశారు. ఊళ్ళో స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో ఉన్నవాళ్ళందరం వెళ్ళాం. బాబాయ్ మొదటి పీపా తెచ్చి బల్ల మీద పెడితే అది నిలబడలేదు, ఊగింది. అడుగు బొజ్జలా పొంగి ఉంది, పైనా అంతే. కుళాయి తిప్పగానే బీరు ఎగిరి పందిరికి తగిలి నా కొత్త చొక్కా మీద పడింది.

"బాబాయ్, ఈసారి మంటలార్పడానికి ఇవే పట్టుకెళ్దాం!" అని మా దళంలోని ఓతా అరిచాడు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. మిగిలిన మూడూ తెచ్చారు. మూడూ అంతే. బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఒక్కో పీపా అడుగు తడిమి చూశాడు.

"తేనెటీగల పాకం," అన్నాడు మెల్లగా. "పీపాల పాకం ముందే పోశాను. మిగిలింది పెరటి మూల పెట్టెలోని తేనెటీగలకి చలికాలం మేతగా గిన్నెలో ఉంచాను. అది కూడా వీటిలోనే పోసేశాను కాబోలు. ఈగలకి పెట్టేశాననుకుని వాటిని పస్తు ఉంచాను. నాకసలు గుర్తే లేదురా."

రొట్టెల పళ్ళెం పట్టుకుని మిలదా అక్కడే ఉంది. రదీమ్ ఆవిడ వంక, విన్నావా అన్నట్టు చూశాడు. మిలదా నోరు తెరిచి ఒక్క మాట అంటే అక్కడితో తీరిపోయేది. అనలేదు! ఇంతమందిలో ఎలా, అందరూ వెళ్ళాక చెబుదాంలే అనుకుంది. అందరూ వెళ్ళాక ఆయన పడుకున్నాడు. తెల్లారేసరికి రదీమ్ ఆశ్రమానికి ఫోన్ చేస్తున్నాడు. ఈసారి మిలదా అడ్డం పడలేదు. ఏ మొహం పెట్టుకుని అడ్డం పడుతుంది? ఎందుకు వద్దంటున్నావని అడిగితే పాకం సంగతి చెప్పాలి. రోజులు గడిచేకొద్దీ ఆ మాట చెప్పడం ఇంకా కష్టమైపోయింది. మావయ్య పళ్ళెంలో మాత్రం అడక్కుండానే మాంసం ఎక్కువ వేసేది. నన్నడిగితే, మాంసం వేసే చేత్తో నిజం కూడా వెయ్యాల్సింది.

ఒక రోజు భోజనాల వేళ బాబాయే ఆశ్రమం మాట ఎత్తాడు. "ఎప్పుడు వెళ్ళాలిరా రదీమ్? నాకేం బాధ లేదు. ఒకే పాకం రెండుసార్లు పోసేవాణ్ణి, రేపు ఇల్లు తగలబెట్టినా పెడతాను." తర్వాత కోడలి చెయ్యి నిమిరాడు. "ఇన్నాళ్ళూ నా తరఫున వాడితో పోట్లాడావు అమ్మాయ్. ఇక చాల్లే, నీకు మాట రాకూడదు."

మిలదా పళ్ళెం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు బాబాయ్ తోపుడు బండి నిండా పీపాలు వేసుకుని పాత ఇనుము కొట్టుకి బయల్దేరాడు. ఉబ్బినవే కాదు, మంచివి కూడా, ఏళ్ళ తరబడి కడిగి దాచుకున్నవన్నీ. నేను గేటు దగ్గర ఆకులు ఊడుస్తున్నాను. మిలదా పిండి చేతులతోనే రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చి బండి పట్టుకుంది.

"మావయ్యా, మీరు కాదు! పోసింది నేను! గిన్నెలో పాకం నేనే పోశాను. మీకేం మతి పోలేదు. నాదే బుద్ధి తక్కువ," అని ఏడ్చేసింది.

బాబాయ్ బండి దించాడు. ముందు మొహం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. "నువ్వా? అయితే నేను కాదా పోసింది!" అని నవ్వబోయాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"అంటే... పాకం చూసి, నేను మర్చిపోయాననుకున్నావన్నమాట," అన్నాడు. "రదీమ్ అనుకుంటాడు, సరే. నువ్వు కూడానా అమ్మాయ్?"

మిలదా బండి వదిలేసింది. ఆయన బండి వెనక్కి తిప్పుకున్నాడు.

ఆశ్రమం మాట అక్కడితో ఆగింది. రదీమ్‌కి కూడా తల కొట్టేసినట్టయింది, మళ్ళీ నోరెత్తలేదు. చలికాలం పోయాక బాబాయ్ మళ్ళీ బీరు కాచాడు. ఆ రోజు నేనూ నేలమాళిగలో ఉన్నాను. మిలదాని పక్కనే నిలబెట్టుకుని మొదటి పీపాలో పాకం పోశాడు. ఒక్క చుక్క ఒలకలేదు. పోశాక గరిటె పట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మాయ్, దీంట్లో వేశానా?"

వేళాకోళం అనుకుని నేను నవ్వబోయాను. కానీ ఆయన కళ్ళు నిజంగానే అడుగుతున్నాయి.

"వేశారు మావయ్యా," అంది మిలదా.

రెండో పీపా దగ్గర మళ్ళీ అడిగాడు.